వాదించేది మనం, మోసేదెవరు?

పొద్దున ఎనిమిదిన్నరకు తార్నాక మెట్రో స్టేషన్‌లో నిలబడి చూస్తే ఈ ప్రాంతపు ఉద్యోగాలు రెండు ప్లాట్‌ఫారాల మీద విడిపోయి కనిపిస్తాయి. మెడలో ట్యాగులు వేసుకున్న సాఫ్ట్‌వేర్ పిల్లలు రాయదుర్గం రైలు కోసం ఒకవైపు. హబ్సిగూడలోనో ఎన్‌జీఆర్‌ఐ స్టేషన్‌లోనో దిగి ప్రయోగశాలలకు పోయేవాళ్లు నాగోలు రైలు కోసం మరోవైపు. కింద రోడ్డు మీద ఉస్మానియా క్యాంపస్‌కు పోయేవాళ్లు, లాలాగూడ రైల్వే వర్క్‌షాపుకు బళ్ల మీద పోయేవాళ్లు, ఆర్టీసీ ఆసుపత్రిలో డ్యూటీ ఎక్కేవాళ్లు. పనులు వేరు, జీతాలు వేరు, సర్వీసు రూల్సు వేరు. మధ్యాహ్నం డబ్బా మూత తీశాక మాత్రం అందరూ చేసేది ఒకటే. వాదించడం.

జావా గొప్పదా, పైథాన్ గొప్పదా? ఏఐ వచ్చాక మన కొలువులు ఉంటాయా? షుగర్ ఉన్నవాళ్లు అన్నం మానేయాలా? ఈసారి ఎవరు గెలుస్తారు? వీటిలో ఒక్కటీ ఆ పూట తేలదు. తేలకపోయినా నష్టం లేదు, అది కబుర్ల వాటా. చిక్కు ఎక్కడంటే, అదే గొంతుతో మూడింటి మీటింగులో కూడా మాట్లాడతాం. క్యాంపస్ నుంచి కొత్తగా వచ్చినవాళ్లలో ఇది ఎక్కువ. ఆర్ట్స్ కాలేజీ మెట్ల మీద గంటలకొద్దీ వాదించి, గెలిచినా ఓడినా మర్నాడు మళ్లీ వచ్చి కూర్చోవచ్చు. ఆఫీసులో గెలిచిన మాట ఊరికే ఉండదు, మర్నాడు ఎవరో ఒకరి నెత్తిన పనై కూర్చుంటుంది. కాబట్టి ఉద్యోగంలో చేరినవాళ్లు ఎవరి మాట రైటు అన్నది తర్వాత చూసుకోవచ్చు. మొదట చూడాల్సింది ఆ మాట నెగ్గితే దాన్ని మోసేది ఎవరన్నది.

ఈ ప్రశ్న ఎంత పనికొస్తుందో ఉస్మానియా విశ్వవిద్యాలయం కథే చెబుతుంది. ఉర్దూలో ఉన్నత విద్య చెప్పాలన్న నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఫర్మానా 1917లో వచ్చింది. విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. గణితం, రసాయన శాస్త్రం, వైద్యం, ఇంజనీరింగు అన్నీ ఒక భారతీయ భాషలో చెప్పాలనుకోవడం ఆ రోజుల్లో సాహసమే. ఆ నిర్ణయం తీసుకున్నవాళ్లు ఒక పని చాలా తెలివిగా చేశారు. పాఠాలు మొదలయ్యే ముందే అనువాద సంస్థ పెట్టారు, దారుల్ తర్జుమా అని. పుస్తకాలు లేకుండా భాష ఒక్కటే ఏ చదువూ చెప్పలేదని వాళ్లకు తెలుసు. వందల పాఠ్యపుస్తకాలు అక్కడ ఉర్దూలోకి వచ్చాయి, సాంకేతిక పదాలు కమిటీల్లో కూర్చుని తయారుచేసుకున్నారు. మరి లెక్కలోకి తీసుకోనిది? ఆ సంస్థానంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడేది తెలుగు, మరాఠీ, కన్నడం. చదువుకోవాల్సిన పిల్లల్లో చాలామందికి ఉర్దూ కూడా నేర్చుకోవాల్సిన భాషే. 1948లో రాజ్యం మారింది. బోధన ఇంగ్లీషుకు మారింది. ముప్ఫై ఏళ్ల పుస్తకాలు అల్మారాల్లోకి పోయాయి.

ఉర్దూ మంచి భాషా కాదా అన్నది అక్కడ ప్రశ్నే కాదు. ఆ భాష చుట్టూ ఏముంది, దాన్ని మోసేది ఎవరు, వాళ్లను ఎవరైనా అడిగారా? మీ టీంలో ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ గురించి గొడవ వచ్చినప్పుడు కూడా అడగాల్సినవి ఇవే.

ఒక మామూలు సందర్భం తీసుకుందాం. పేమెంట్ల సర్వీసు జావాలో ఉంది. కొత్తగా చేరిన తెలివైన కుర్రాడు దీన్ని గోలోనో రస్ట్‌లోనో తిరగరాస్తే వేగం పెరుగుతుందంటాడు. పదేళ్లుగా ఆ కోడ్ చూస్తున్న సీనియర్ నవ్వి ఊరుకుంటాడు. కుర్రాడికి ఆ నవ్వు అవమానం. సీనియర్‌కు ఆ ప్రతిపాదన అవమానం. ఇద్దరూ ఇక లాంగ్వేజ్ గురించి మాట్లాడుతున్నామనుకుంటారు కానీ మాట్లాడేది తమ గురించే. ఇక్కడ కుర్రాడు చేయాల్సింది గో ఎందుకు గొప్పదో స్లైడ్లు తయారుచేయడం కాదు. ఆ సర్వీసు రాత్రి రెండింటికి పడిపోతే ఫోన్ మోగేది ఎవరికో కనుక్కుని, వాళ్ల పక్కన వారం రోజులు కూర్చోవాలి. నిజంగా ఆలస్యమవుతున్నది ఎక్కడ? చాలాసార్లు అది లాంగ్వేజ్‌లో ఉండదు. డేటాబేస్ క్వెరీలో ఉంటుంది, లేదా పక్క బ్యాంకు సర్వర్ జవాబివ్వడంలో ఉంటుంది. అక్కడ సగం సమయం పోతుంటే, ఏ లాంగ్వేజ్‌లో తిరగరాసినా ఆ సగం అలాగే ఉంటుంది.

లాంగ్వేజే కారణమైన సందర్భాలూ ఉన్నాయి. డిస్కార్డ్ కంపెనీ 2019లో ఒక సర్వీసును గో నుంచి రస్ట్‌కు మార్చింది. ఎవరు ఏ మెసేజ్ దాకా చదివారో గుర్తుపెట్టుకునే సర్వీసు అది. గోలో వాడని మెమరీని ఏరేసే ఏర్పాటు రెండు నిమిషాలకోసారి నడిచి, నడిచినప్పుడల్లా జవాబులు ఆలస్యమయ్యేవి. వాళ్లు గ్రాఫులో ఆ గూనులు చూశారు, కారణం పట్టుకున్నారు, ముందు గోలోనే సరిచేయాలని చూశారు, కుదరక ఆ సర్వీసును మార్చారు. కంపెనీ మొత్తం రస్ట్‌కు మారాలని మీటింగులో తీర్మానం చేస్తే వచ్చే ఫలితం వేరే. తిరగరాద్దామనే ప్రతిపాదన తెచ్చేవాళ్లు తమతోపాటు ఒక గ్రాఫు తీసుకురావాలి. గ్రాఫు లేకపోతే దాన్ని కోరిక అనుకుని పక్కన పెట్టేస్తారు, అందులో అన్యాయం ఏమీ లేదు.

మోసేవాళ్ల ప్రశ్న ఎంత పెద్ద చోటికైనా వస్తుంది. లైనక్స్ కెర్నెల్‌లో రస్ట్‌కు 2022 డిసెంబరులో వచ్చిన 6.1 వెర్షన్‌తో చోటు దొరికింది. ఆ తర్వాత నడిచిన గొడవల్లో సీ కోడ్ చూసుకునే పాతవాళ్లలో కొందరి ముఖ్య అభ్యంతరం రస్ట్ చెడ్డదని కాదు. ‘నా సీ కోడ్ నేను మార్చుకుంటే, దాని మీద ఆధారపడ్డ మీ రస్ట్ కోడ్ పగిలితే, బాగుచేసే బాధ్యత ఎవరిది?’ అన్నది. అవతలివాళ్లు మెమరీ తప్పుల వల్ల వచ్చే భద్రతా లోపాల గురించి చెబుతున్నారు. అదీ నిజమే, తమ ఉత్పత్తుల్లో సరిచేసిన భద్రతా లోపాల్లో దాదాపు 70 శాతం అలాంటివేనని మైక్రోసాఫ్ట్ 2019లో చెప్పింది. రెండు మాటలూ సరైనవే, రెండూ ఒకే ప్రశ్నకు జవాబులు కావు. 2024 ఆగస్టులో రస్ట్ వైపు ముఖ్యుల్లో ఒకరు సాంకేతికం కాని గొడవలు భరించే ఓపిక అయిపోయిందని చెప్పి తప్పుకున్నారు. మోసేదెవరన్న ప్రశ్నకు రాతలో జవాబు లేనప్పుడు మంచి ఇంజనీర్లు వెళ్లిపోతారు.

కాబట్టి రాయండి. ఏ లాంగ్వేజ్, ఏ ఫ్రేమ్‌వర్క్, ఏ క్లౌడ్ అన్న గొడవ రెండో మీటింగుకు పోతే ఒక పేజీ కాగితం పెట్టండి. మనకున్న ఇబ్బంది ఏమిటి, ఏయే దారులు చూశాం, ఏం కొలిచాం, నిర్ణయం ఎవరిది, ఏ తేదీకల్లా, మోసేది ఎవరు, ఏ లెక్క మారితే మళ్లీ ఆలోచిస్తాం. అంతే. ఆ చివరి వాక్యమే అన్నిటికంటే విలువైంది. ఓడినవాళ్లకు అది తలుపు పూర్తిగా మూయకుండా ఉంచుతుంది, గెలిచినవాళ్ల మెడ వంచి పని చేయిస్తుంది. మేనేజర్లు ఈ కాగితం అడిగితే పిల్లలు విసుక్కుంటారు. ఆరు నెలల తర్వాత ‘ఈ దిక్కుమాలిన నిర్ణయం ఎవడు తీసుకున్నాడు’ అని ఎవరో అరిచినప్పుడు, వాళ్లే ఆ కాగితం వెతుక్కుంటారు.

చిన్న విషయాల మీద పెద్ద గొడవలుంటాయి. ట్యాబులా స్పేసులా, బ్రాకెట్ ఏ లైన్లో. వీటిని మనుషులు తేల్చకూడదు. గోకు గోఫ్మ్‌ట్ ఉంది, పైథాన్‌కు బ్లాక్ ఉంది, జావాస్క్రిప్ట్‌కు ప్రెటియర్ ఉంది. టూల్ పెట్టి కోడ్ చెక్‌ఇన్ అయినప్పుడు దానంతట అదే సర్దేలా చేసుకోండి, ఇక రివ్యూలో ఆ మాట ఎత్తొద్దు. ఇవి చిన్నవని తీసిపారేయకండి, మనుషుల్ని అరగదీసేవి ఇవే. పైథాన్ సృష్టికర్త గిడో వాన్ రోసమ్ దాదాపు మూడు దశాబ్దాలు ఆ లాంగ్వేజ్‌కు చివరి మాట చెప్పారు. 2018 జూలైలో ఆ బాధ్యత వదిలేశారు. దానికి ముందు జరిగిన యుద్ధం ఒక చిన్న గుర్తు గురించి, వాల్రస్ అంటారు దాన్ని. గుర్తు నెగ్గింది. ఆయన అలసిపోయారు.

ఇక మన ఆఫీసుల్లో ప్రత్యేకంగా ఉండే జబ్బు ఒకటుంది. మీటింగులో ‘యెస్ సార్’, బయట టీ బండి దగ్గర సార్ నిర్ణయాన్ని చీల్చి చెండాడటం. చిన్నప్పటినుంచీ పెద్దవాళ్ల మాటకు ఎదురుచెప్పొద్దని పెరిగినవాళ్లం, అది ఒక్కరోజులో పోదు. పోవాల్సిన పనీ లేదు. మర్యాద ఉంచుకునే అభ్యంతరం చెప్పవచ్చు, ముందే వెళ్లి ఒంటరిగా చెబితే ఇంకా సులువు. ‘సార్, నాకిది నచ్చలేదు’ అంటే అది మీకూ ఆయనకూ మధ్య పెట్టిన పందెం. ‘సార్, ఈ మార్పు రాత్రి బ్యాచ్ మీద పడుతుంది. నిన్నటి లాగ్ తెచ్చాను, రెండు నిమిషాలు చూస్తారా?’ అంటే ఇద్దరూ ఒక కాగితం వైపు తిరుగుతారు. పెద్దవాళ్లు కూడా ఒకటి గమనించుకోవాలి. మీరు లీడ్ అయితే మీ అభిప్రాయం చివర చెప్పండి. మొదటే చెబితే ఆ గదిలో ఇక వాదన ఉండదు, తలలూపడమే ఉంటుంది.

ఓడిపోయాక ఏం చేయాలన్నది ఎవరూ నేర్పరు. నిర్ణయం అయ్యాక అది మీదే అన్నట్టు పని చేయాలి. అభ్యంతరం రాతలో ఉంది కదా, చాలు. ప్రతి బగ్ దగ్గరా ‘నేను అప్పుడే చెప్పాను’ అనేవాళ్లను మరుసటిసారి ఎవరూ పిలవరు.

అమీర్‌పేటలో కోర్సుకు డబ్బు కట్టబోయే ముందు పిల్లలు అడిగే ప్రశ్న ఉంది కదా, ‘అన్నా, జావా నేర్చుకోవాలా, పైథాన్ నేర్చుకోవాలా?’ అని. దీనికి కూడా కొలిచే జవాబు ఉంది. మీరు చేరాలనుకుంటున్న ఉద్యోగాల ప్రకటనలు ఓ ముప్ఫై ముందు పెట్టుకుని, ఏ మాట ఎన్నిసార్లు వచ్చిందో గీతలు గీసుకోండి. డేటా పనులకు పైథాన్ వస్తుంది, బ్యాంకుల వెనక నడిచే సర్వీసులకు జావా వస్తుంది, వెబ్ పనికి జావాస్క్రిప్ట్, టైప్‌స్క్రిప్ట్ వస్తాయి. ఫలానాది చచ్చిపోయిందని చెప్పేవాళ్లను నమ్మొద్దు. 1960 నాటి కోబాల్ ఎప్పుడో చచ్చిందన్నారు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ వల్ల నిరుద్యోగ భృతి దరఖాస్తులు ముంచెత్తినప్పుడు, అమెరికాలో న్యూజెర్సీ గవర్నర్ కోబాల్ తెలిసినవాళ్లు సాయానికి రావాలని బహిరంగంగా అడగాల్సి వచ్చింది. పైథాన్ 2 నుంచి 3కు మారడానికి ప్రపంచానికి 2008 నుంచి 2020 దాకా పట్టింది. ఇంటర్వ్యూలో ఏ లాంగ్వేజ్ బెస్ట్ అని అడిగితే, ఏ పనికి అని ఎదురు అడగండి. ఆ ప్రశ్న అడిగినందుకే ఎక్కువ మార్కులు పడతాయి. ఏఐ కోడ్ రాస్తోంది కదా ఇక లాంగ్వేజ్ ఎందుకు అంటారా? రాసింది అది అయినా, రాత్రి రెండింటికి లేచేది మీరే.

సైన్స్ వాదనలకు వస్తే, తార్నాక వాళ్లకు ఒక సౌకర్యం ఉంది. అన్నం గురించి డబ్బా దగ్గర కొట్లాడుకుంటున్నప్పుడు, దేశం తినేదాన్ని లెక్కగట్టే జాతీయ పోషకాహార సంస్థ ఇక్కడే ఉంది. కూనూరు నుంచి 1958లో ఇక్కడికి వచ్చింది. 2024 మేలో వాళ్లు భారతీయులకు 17 ఆహార సూచనలు ప్రచురించారు, ఎవరైనా చదువుకోవచ్చు. యూట్యూబ్ డాక్టర్ మాట మీద సహోద్యోగి కంచంలో వేలు పెట్టే ముందు అది ఓసారి తిరగేస్తే సగం వాదనలు లేవకుండానే పోతాయి. ఇక్కడ మోసేది ఎవరో మరీ స్పష్టం, ఆ ఒంట్లో షుగర్ ఉన్న మనిషి. ఆయన డాక్టరు ఏం చెప్పారో అడగండి, లేదా ఊరుకోండి.

కొన్నిసార్లు ఒక్క వాదనలో మూడు ప్రశ్నలు చుట్టుకుని ఉంటాయి. 2021 జనవరిలో హైదరాబాద్ ఆఫీసులన్నిటా, ఆన్‌లైన్ మీటింగుల్లో సైతం, కోవాగ్జిన్ గురించి నడిచిన గొడవ అలాంటిది. జనవరి 3న అత్యవసర వాడకానికి అనుమతి వచ్చింది. మూడో దశ ప్రయోగంలో ఎంత పనిచేస్తుందన్న లెక్క అప్పటికి రాలేదు. ఒకరు ‘మన ఊరి టీకా’ అని గర్వపడుతుంటే, ఇంకొకరు లెక్క రాకుండా అనుమతి ఎలా ఇచ్చారంటున్నారు. మొదటివాళ్లకు రెండోవాళ్లు దేశద్రోహులు, రెండోవాళ్లకు మొదటివాళ్లు మూఢులు. విడదీసి చూస్తే టీకా ప్రమాదమా, పనిచేస్తుందా, అనుమతి ఇచ్చిన పద్ధతి సరైనదా అన్నవి మూడు వేర్వేరు ప్రశ్నలు. నవంబరులో లాన్సెట్ వైద్య పత్రికలో 77.8 శాతం సామర్థ్యం అని వచ్చాక రెండో ప్రశ్నకు జవాబు దొరికింది. మూడో ప్రశ్న ఆ అంకెతో తీరలేదు, తీరదు కూడా. ఇక జనవరి 16న టీకాలు మొదలైనప్పుడు సమ్మతి పత్రం మీద సంతకం పెట్టి చెయ్యి చాపింది ఆసుపత్రి సిబ్బంది. మన వాదనల్లో వాళ్ల మాట ఎంత వినిపించింది?

సైన్స్ పేరుతో గట్టిగా నిలబడాల్సి వస్తే ఎక్కడ నిలబడాలో పుష్పమిత్ర భార్గవ నుంచి నేర్చుకోవచ్చు. హబ్సిగూడలో సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థను కట్టిన మనిషి. విశ్వవిద్యాలయాల్లో జ్యోతిష కోర్సులు పెట్టాలని యూజీసీ 2001లో నిర్ణయించినప్పుడు ఆయన, మరికొందరితో కలిసి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు వెళ్లారు. అక్కడ ఓడారు. సుప్రీంకోర్టుకు వెళ్లారు, 2004లో అక్కడా ఓడారు. ఏ కోర్సు పెట్టాలన్నది యూజీసీ లాంటి సంస్థ తేల్చుకోవాల్సింది, మేం తలదూర్చం అన్నది కోర్టు మాట సారాంశం. ఓటమి ఓటమే. కానీ ఆ వాదన అర్జీగా, తీర్పుగా రికార్డులో ఉంది, ఇప్పటికీ తీసి చదువుతున్నారు. పైగా అప్పటికి ఆయన సీసీఎంబీ డైరెక్టర్ పదవి వదిలి దశాబ్దం దాటింది. ఉద్యోగంలో ఉన్నవాళ్లు అంత దూరం పోయేముందు తమ సర్వీసు రూల్సు చదువుకోవాలి.

రాజకీయం దగ్గర ఆ రూల్సు మరీ ముఖ్యం. ఇక్కడ ఒకే రోడ్డు మీద మూడు రకాల స్వేచ్ఛలున్నాయి. కేంద్ర ప్రయోగశాలల వాళ్లకు వర్తించేది 1964 నాటి కేంద్ర సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమావళి. రైల్వేకు 1966 నాటిది వేరే ఉంది, సారం అదే. పార్టీలో చేరకూడదు, ప్రచారం చేయకూడదు. ఓటు వేయవచ్చు, కానీ ఎవరికి వేస్తారో, వేశారో సూచించకూడదు. ఇంటి మీదో బండి మీదో ఎన్నికల గుర్తు పెట్టినా ఎన్నికలో పలుకుబడి వాడినట్టే లెక్క. చాలామంది ఈ చివరిది చదవలేదని కాలనీ పార్కింగుల్లో చూస్తే తెలుస్తుంది. కూతవేటు దూరంలో విశ్వవిద్యాలయం లోకం వేరు. ఉస్మానియాలో రాజనీతి శాస్త్రం చెబుతున్న ప్రొఫెసర్ కోదండరామ్, ఉద్యోగంలో ఉంటూనే, 2009 డిసెంబరులో ఏర్పడ్డ తెలంగాణ జేఏసీకి చైర్మన్ అయ్యారు. ఇక ప్రైవేటు ఉద్యోగికి ఉన్నది చేరిన రోజు చదవకుండా సంతకం పెట్టిన కాగితం. దాన్లో సోషల్ మీడియా పేరా ఒకటి ఉంటుంది, ఈ సాయంత్రం తీసి చదవండి.

తెలంగాణ ఉద్యమం నడిచిన 2009 నుంచి 2014 దాకా మాదాపూర్ ఆఫీసుల్లో పనిచేసినవాళ్లకు ఇంకో పాఠం గుర్తుండే ఉంటుంది. ఒకే టీంలో గుంటూరు, కరీంనగర్, అనంతపురం, నల్గొండ వాళ్లు. ఒకరికి తమ్ముడు ఉస్మానియా హాస్టల్లో టియర్ గ్యాస్ మధ్య ఉన్నాడు. ఇంకొకరు ఇక్కడ అప్పు చేసి ఫ్లాటు కొన్నారు, రేపేమవుతుందోనన్న భయం. 2011లో 42 రోజుల సకల జనుల సమ్మెలో ఆర్టీసీ బస్సులు ఆగినప్పుడు వీళ్లే ఒకరి బండి మీద ఒకరు ఆఫీసుకు వచ్చారు. ఆ టీముల్లో నిలిచినవి రాష్ట్రం ఊసెత్తని టీములు కావు. ‘తమ్ముడు ఎలా ఉన్నాడు?’ అని ముందు అడిగి, తర్వాత విభేదించినవి.

రిజర్వేషన్లు, కులం, మతం, తినే మాంసం మీద లంచ్ బల్ల దగ్గర వచ్చే జోకుల సంగతి ఇంకా సులువు. ఆ జోకును మోసేవాళ్లు అదే బల్ల దగ్గర కూర్చుని నవ్వినట్టు నటిస్తున్నారు. మీకంటే పెద్ద హోదాలో ఉన్నవాళ్లు అలాంటిది అంటే అక్కడే నిలదీసే ధైర్యం అందరికీ ఉండదు. నవ్వకుండా ఉండటం అందరికీ చేతనవుతుంది. ‘సార్, మూడింటి కాల్‌కు లెక్కలు చూద్దామా?’ అని లేవడం కూడా. తర్వాత ఆ సహోద్యోగి దగ్గరకు వెళ్లి ఫిర్యాదు చేయాలనుకుంటే సాక్షిగా నేనుంటానని చెప్పండి, తేదీ, అన్న మాట రాసిపెట్టుకోండి. ఫిర్యాదు చేయాలా వద్దా అన్న నిర్ణయం మాత్రం వాళ్లకే వదలండి.

టీం వాట్సాప్ గ్రూపులో పార్టీ వీడియో వస్తే జవాబు పెట్టకండి, ఖండన కూడా. పంపినవాళ్లకు విడిగా ఫోన్ చేసి, ‘అన్నా, ఇది పని గ్రూపు, క్లయింట్ వాళ్లు కూడా ఉన్నారు, తీసేస్తావా’ అనండి. తీసేయడానికి టైం పరిమితి ఉంటుంది కాబట్టి ఆలస్యం చేయొద్దు.